తుపాకి గొట్టము: వేగమొక లెక్క, గురి యొక లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభసమయమున కవిత్రయమును గూర్చియో, పోతనామాత్యుని గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను తుపాకి గొట్టమును గూర్చి చెప్పెదనంటిని. సరస్వతీ మందిరమున తుపాకి ప్రసంగమేమని కొందరు నవ్విరి. అందుకు కారణము మొదటనే మనవి చేసెదను.

సికింద్రాబాదునుండి శామీర్‌పేటకు వచ్చు బాట మీకందరకు తెలిసినదే. ఆ బాటలో హకీంపేట యొద్ద పారిశ్రామిక భద్రతా దళమువారి జాతీయ అకాడమీ కలదు. క్రీడా పాఠశాల కలదు. విమాన దళ కేంద్రము కలదు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు పిల్లలు పోలీసు, సైనిక కొలువులకై తెల్లవారుజామున ఈ బాటపైననే పరుగులు తీయుచుందురు. సాయంకాలము వారే మన పఠన మందిరమునకు వచ్చి పరీక్షా పుస్తకములు తిరుగవేయుదురు. అట్టి యువకుల నడుమ నేను పలుమారులు వినిన మాట యొకటి కలదు: “తుపాకి ఎంత పొడుగుంటే గురి అంత బాగుంటది.” ఈ మాట వారి నోట పుట్టినది కాదు. మన తాతలనాటినుండి వచ్చుచున్నది. గోలకొండ బురుజులపై తోపులను చూచినవారు, పొడవే బలమని తలచుట సహజము.

ఈ మాటలో సగము నిజము, సగము పొరపాటు. సగము నిజమైన మాట పూర్తిగా తప్పైన మాటకంటె ఎక్కువ చిక్కు తెచ్చును. దానిని ఎవ్వరును సరిచూడరు గనుక. లెక్కలు వ్రాసి బ్రతికినవాడను గనుక, దీనిని రెండు ఖాతాలుగా విడదీసి మీ ముందు పెట్టుటకు ప్రయత్నించెదను. మొదటి ఖాతా వేగము. రెండవది గురి. ఈ రెంటిని ఒకే పద్దున వ్రాయుటవలననే చిక్కంతయు వచ్చినది.

మొదట వేగము సంగతి చూతము.

మన కావ్యములలో వీరుడు బాణము వేయునపుడు నారిని ఆకర్ణాంతము, అనగా చెవిదాక, లాగినట్లు వర్ణింతురు. అది యలంకారము మాత్రమే కాదు. నారి బాణమును ఎంత దూరము నెట్టుకొనివచ్చునో బాణమునకు అంత వేగము కలుగును. రొమ్ముదాక లాగిన దానికంటె చెవిదాక లాగినది వడిగా పోవును. తుపాకిలో నారికి బదులు మందు కాలగా పుట్టిన వాయువు కలదు. ఆ వాయువు గుండును వెనుకనుండి నెట్టును. గొట్టము పొడవే ఆ నెట్టుడు సాగు దూరము. గుండు మూతి దాటినపిమ్మట నెట్టువాడు లేడు. అటుపై గాలి దానిని ఆపుచుండును, భూమి దానిని క్రిందికి లాగుచుండును.

కాబట్టి గొట్టము పొడవు పెరిగినచో వేగము పెరుగుననుట నిజమే. అయితే ఎంత పెరుగును? ఈ ప్రశ్నకు మొదట లెక్కతో జవాబు వెదకినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితవేత్త. ఆయన 1707లో జన్మించి, 1742లో తుపాకి శాస్త్రమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. అంతవరకు గుండు వేగమును కొలిచినవారు లేరనియే చెప్పవచ్చును. కంటికి కనబడని దానిని కొలుచుటెట్లు? ఆయన ఒక బరువైన కొయ్య దిమ్మెను ఊయల వలె వ్రేలాడదీసి దానిపై తుపాకి కాల్చెను. గుండు దిమ్మెలో దిగబడగా దిమ్మె వెనుకకు ఊగెను. దిమ్మె బరువు తెలియును, గుండు బరువు తెలియును, ఊగిన దూరము కొలువవచ్చును. ఈ మూడింటినుండి గుండు వేగము తేలును. ఎంత సులువైన ఉపాయము! ఆనాటి పెద్ద గుండు సెకనుకు 1,600 అడుగులకు మించి పోవుచున్నదని ఆయన లెక్క తేల్చెను.

ఈ రాబిన్స్ మహాశయుని కథలో మనకు దగ్గరి సంగతి యొకటి కలదు. ఈస్టిండియా కంపెనీవారు ఆయనను తమ కోటల నిర్మాణమునకు ప్రధాన ఇంజనీరుగా నియమించి ఇండియాకు పంపిరి. ఆయన 1751లో కడలూరు యొద్దనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. గుండు వేగమును మొదట కొలిచిన మనుష్యుని ఆయువు మన కోరమండల తీరముననే ముగిసినది.

ఆయన తరువాత 18వ శతాబ్దపు చివర చార్లెస్ హట్టన్ అను మరియొక గణితవేత్త వేరు వేరు పొడవుల ఫిరంగులతో ప్రయోగములు చేసెను. ఆయన తేల్చినదేమనగా, పొడవు పెరిగినకొలది వేగము పెరుగును గాని, పొడవు వర్గమూలము పెరిగినంతకూడ పెరుగదు. ఘనమూలము పెరిగినదానికంటె కొంత మించి పెరుగును. లెక్కవేసి చూడుడు. గొట్టము పొడవును రెట్టింపు చేసినచో వేగము రెట్టింపు కాదు. నూటికి 26 కంటె ఎక్కువ, 41 కంటె తక్కువ మాత్రమే పెరుగును. ఒక ఎకరము సాగు చేయువాడు రెండవ యెకరము కొనగా మొదటిదానిలో మూడవవంతు పంట వచ్చినట్లు.

ఎందుకిట్లగును? గుండు ముందుకు జరిగినకొలది దాని వెనుక చోటు పెరుగును. చోటు పెరిగినకొలది వాయువు ఒత్తిడి తగ్గును. మొదటి అంగుళములలో నెట్టినంత బలముగా చివరి అంగుళములలో నెట్టజాలదు. బురదలో దిగబడిన బండిని పదిమంది కలిసి నెట్టుటకు మొదలిడి, ఒక్కొక్కరే విడిచిపోయినట్లు. చివరకు గొట్టపు గోడల రాపిడి మిగిలిన త్రోపుడుతో సమానమగు చోటు వచ్చును. చిన్న .22 రైఫిలులో మందు స్వల్పము గనుక, సుమారు 16 అంగుళములకే వేగము దాదాపు పూర్తియగును. ఆపైన పొడిగించిన దానివలన వేగమునకు లాభము లేదు. పెద్ద రైఫిళ్లలో ఒక్కొక్క అంగుళమునకు సాధారణముగా సెకనుకు 20 నుండి 50 అడుగుల వేగము హెచ్చుతగ్గులగును. రెండు వేల నాలుగు వందల అడుగుల మీద ఇది నూటికి ఒకటో రెండో.

ఆ బలమెంతటిదో తెలియుటకు మన పోలీసు ఠాణాలలో చిరకాలము కనబడిన .303 రైఫిలును తీసుకొందము. దాని గొట్టము 25.2 అంగుళములు, అనగా 64 సెంటీమీటర్లు. గుండు బరువు 11 గ్రాములకు కొంచెము పైన. అది మూతి దాటునపుడు వేగము సెకనుకు 2,440 అడుగులు, అనగా 744 మీటర్లు. నిశ్చలముగా నున్న గుండు 64 సెంటీమీటర్లలో అంత వేగమును పొందవలెనన్నచో, దానిని సగటున ఎంత బరువుతో నెట్టవలెను? లెక్క వేయగా సుమారు 5 క్వింటాళ్లు వచ్చినది. చిటికెన వ్రేలి కొనయంత సీసపు ముక్క వెనుక అయిదు వడ్ల బస్తాల బరువు! అదియు సెకనులో వెయ్యవవంతు లేక రెండు వెయ్యవవంతుల కాలములో ముగిసిపోవును.

వేగము ఖాతా ఇంతటితో ముగిసినది. పొడవు వేగమునిచ్చును, అయితే పోనుపోను తక్కువగా నిచ్చును.

ఇక గురి సంగతి.

గురి యనగా నేమి? ఒకే తుపాకితో, ఒకే మనుష్యుడు, ఒకే చోటికి పది గుండ్లు కాల్చినచో, ఆ పదియు ఎంత దగ్గర దగ్గరగా పడినవో అదియే తుపాకి గురి. దూరము పోవుట గురి కాదు. గట్టిగా తగులుట గురి కాదు. పదిమారులును ఒకే విధముగా పోవుట గురి.

దీనికి మూలము గొట్టము లోపలనున్న మెలిక గాడులు. 15వ శతాబ్దపు చివర జర్మనీ దేశమున ఇట్టి గాడుల గొట్టములు పుట్టినవి. గాడుల వెంట వచ్చు గుండు బొంగరమువలె తిరుగుచు బయటికి వచ్చును. తిరుగని బొంగరము నిలువదు. తిరుగు బొంగరము మొనమీద నిలుచును. గుండునకును అంతే. .303 రైఫిలులో గాడి పది అంగుళములకు ఒక చుట్టు తిరుగును. ఆ వేగముతో లెక్కించినచో గుండు సెకనుకు 2,900 చుట్లకు పైగా తిరుగుచు పోవుచున్నది! గాడులు లేని నునుపు గొట్టములో గుండు గోడలకు అటునిటు తగులుచు వచ్చి, చివర ఏ ప్రక్క తగిలినదో దాని కెదురు ప్రక్కకు, తన ఇష్టము వచ్చినట్లు తిరుగుచు పోవును. ఈ రహస్యమును విప్పి చెప్పినవాడును రాబిన్స్ మహాశయుడే.

ఇప్పుడు పొడవును, గాడిని త్రాసులో వేసి చూతము. ఆంగ్లేయ సేనలో 18వ శతాబ్దమున వాడుకలోనున్న నునుపు గొట్టపు తుపాకి మొదట 46 అంగుళముల గొట్టముతో నుండెను. తరువాత దానిని 42 అంగుళములకు తగ్గించిరి. మన దేశమున ఈస్టిండియా కంపెనీ సిపాయిలకై 39 అంగుళముల గొట్టముతో మరియొకటి చేయించిరి. దానికి ఇండియా పద్ధతి తుపాకి యని పేరు. 1790ల యుద్ధకాలమున ఆంగ్లేయ సేనయే ఆ పొట్టిదానిని స్వీకరించినది. ఏడు అంగుళములు తరిగినను సైనికుని గురికి చెప్పుకోదగిన లోటు రాలేదు; ఏలయన తరుగుటకు అక్కడ గురి యనునది మొదటనే స్వల్పము. నూరు గజములు దాటినచో ఒక్క మనుష్యుని ఏర్చి కొట్టుట దైవాధీనము. 1800లో బేకర్ రైఫిలు వచ్చినది. దాని గొట్టము 30 అంగుళములే. గాని లోపల ఏడు గాడులు. దానితో నేర్పరి యైనవాడు రెండువందల గజములలో మనుష్యుని కొట్టగలిగెను. నలువదియారు అంగుళముల నునుపు గొట్టమును ముప్పది అంగుళముల గాడి గొట్టము ఓడించినది. పొడవుతోనే గురి వచ్చునన్నచో ఇట్లు జరుగునా?

మరి పొడుగు తుపాకికి గురి యెక్కువయని అనుభవజ్ఞులు సైతము చెప్పుట యేల? ఇందులోనే ఆ సగము నిజము దాగియున్నది. అది గుండునకు సంబంధించినది కాదు. మన కంటికి సంబంధించినది.

తుపాకిపై వెనుకనొక గాడి, ముందొక మొన యుండును. ఆ రెంటిని, గురిని ఒకే వరుసకు తెచ్చి కాల్చుదుము. ఈ రెంటి నడుమ దూరము 50 సెంటీమీటర్లు అనుకొనుడు. మన కన్ను ముందు మొనను ఒక్క మిల్లీమీటరు తప్పుగా చూచినచో, నూరు మీటర్లలో గుండు 20 సెంటీమీటర్లు తప్పును. ఆ దూరము 75 సెంటీమీటర్లైనచో, అదే మిల్లీమీటరు తప్పుకు 13 సెంటీమీటర్లే తప్పును. పొలము గట్టు వేయువాడు రెండు గూటములను దగ్గరగా పాతి దారము లాగినచో చివరకు గట్టు వంకర పోవును. దూరముగా పాతినచో చక్కగా వచ్చును. ఇదియు నట్లే. పొడుగు గొట్టము మూతిమీద మొన దూరముగా నుండుటచేత కంటి తప్పు తగ్గును. దూరదర్శినీ సైటు బిగించినచో ఈ లాభము పూర్తిగా పోవును.

నా మాటకు సాక్ష్యము కావలెనా? మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సులో పది మీటర్ల గాలి రైఫిలు పోటీలో కాంస్య పతకమును పొందెను. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అరమిల్లీమీటరు, గుండు 4.5 మిల్లీమీటర్లు. ఆవగింజ కంటె చిన్న చుక్కను పది మీటర్ల దూరమునుండి కొట్టవలెను. అట్టి రైఫిళ్లలో పలువురు వాడు ఉపాయమేమనగా, అసలు గొట్టము పొట్టిగా నుంచి, దాని కొనను ఒక ఉత్త గొట్టమును తొడిగి, ఆ కొనమీద మొన బిగింతురు. ఆ తొడుగు గుండును తాకదు; వేగమునీయదు. గుండు మాత్రము పొట్టి గొట్టమునుండి త్వరగా వెలువడును. కాల్చువాని చేయి కదలుటకు వ్యవధి తగ్గును. పొడవు కన్నునకు, పొట్టి గుండునకు! నిపుణులు రెండు ఖాతాలను ఎంత చక్కగా విడదీసిరో చూడుడు.

మరియొక సాక్ష్యము. మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీలో రజత పతకము పొందినది. ఆ పోటీ నియమముల ప్రకారము పిస్తోలు గొట్టము 153 మిల్లీమీటర్లకు, అనగా ఇంచుమించు ఆరు అంగుళములకు, మించరాదు. జానెడైనను లేని ఆ గొట్టముతో ఇరువదియైదు మీటర్లలో అయిదు సెంటీమీటర్ల నడిమి వలయమును కొట్టుచున్నారు. పొట్టి గొట్టము గురి లేనిదైనచో ఆ పతకములెక్కడివి?

పొడవువలన గురికి కీడు కలుగుటకూడ కలదు. గుండు పోవునపుడు గొట్టము కొట్టిన గంటవలె కంపించును. పొడుగు వెదురు గడ కొన ఊగినంతగా చేతికర్ర కొన ఊగదు గదా. ఒకే మందము గల కడ్డీ పొడవును రెట్టింపు చేసి, కొనయందు అదే బరువు వ్రేలాడదీసినచో, కొన ఎనిమిది రెట్లు వంగును. అందుచేత పొట్టిదియు మందమైనదియునగు గొట్టము తరచుగా పొడుగు సన్నని గొట్టముకంటె నిలుకడగా నుండును.

1904లో ఆంగ్లేయ సేన 30 అంగుళముల .303 గొట్టమును 25 అంగుళములకు తగ్గించినపుడు, గురి చెడిపోవునని పత్రికలలో గొప్ప గోల జరిగినది. ఆ పొట్టి రైఫిలే రెండు మహాయుద్ధములలో గురికి పేరుపొందినది. బెంగాలులోని ఇషాపూరు కార్మాగారమున మన దేశమునందును తయారైనది. అట్లని ఎంత పొట్టియైనను మేలేయని నేననను. రెండవ మహాయుద్ధపు చివర అదే .303 తూటాకు 19 అంగుళములకు లోపు గొట్టముతో అడవి యుద్ధములకై తేలిక తుపాకి నొకదానిని చేసిరి. మందు పూర్తిగా కాలకమునుపే గుండు బయటపడుటచే మూతియొద్ద పెద్ద మంట, చెవులు దిమ్మెక్కు చప్పుడు, భుజమునకు గట్టి తాకుడు. వాడువాడు బెదరి కన్ను మూసినచో గురియెక్కడ?

ఇప్పుడు ఈ ప్రసంగమునకు ప్రాణమైన మాట చెప్పెదను. వేగము తగ్గినచో గురి తగ్గునా? గాలి అడ్డును విడిచి లెక్కింతము. సెకనుకు 744 మీటర్లు పోవు గుండు నూరు మీటర్లు చేరులోపల 9 సెంటీమీటర్లు క్రిందికి దిగును. వేగము నూటికి పది తగ్గినచో 11 సెంటీమీటర్లు దిగును. తేడా రెండు సెంటీమీటర్లు. ఆ తేడా ప్రతిమారును రెండే. సైటును కొంచెము ఎత్తినచో సరిపోయినది. కాని నునుపు గొట్టపు గుండు ఒకమారు కుడికి జానెడు, ఒకమారు ఎడమకు బెత్తెడు పోయినచో దేనిని సరిదిద్దుదురు?

లెక్కల పుస్తకములోను ఇంతే. తూకపురాయి ప్రతి బస్తాకు అరకిలో తక్కువైనచో, ఆ సంగతి తెలిసిన దినమున పుస్తకమంతయు సరిచేయవచ్చును. ఒకనాడు తక్కువ, ఒకనాడు ఎక్కువ తూచిన త్రాసు వ్రాసిన లెక్కను ఎవ్వరును సరిచేయలేరు. నిలుకడగల తప్పు దిద్దుకొనదగినది. నిలుకడలేని ఒప్పు నమ్మదగినది కాదు. గురి యనగా నిలుకడ. నిలుకడ మంచి గాడివలన, సమానమైన తూటావలన, చక్కని మూతివలన, కదలని చేతివలన వచ్చును. పొడవు అందులో ఒక చిన్న పద్దు మాత్రమే.

మూతియను మాట వచ్చినది గనుక ఒక సంగతి. జొన్నచేనిలో మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పినవారు మీలో పెద్దలుందురు. వడిసెల త్రాడు పొడవైనచో రాయి వడిగా పోవును. కాని రాయి ఎటు పోవునో నిర్ణయించునది త్రాడు విడిచిన క్షణము. గుండు గొట్టమును విడుచు చోటు మూతి. అక్కడ వెండ్రుకవాసి గంటు పడినను వాయువు ఒక ప్రక్కగా ముందు వెలువడి గుండును త్రోయును. ఎంత గొప్ప గొట్టమైనను గురి చెడును. ఆకురాయితోనో రంపముతోనో కోసిన తుపాకులకు గురి లేకపోవుట పొట్టితనమువలన కాదు. ఎక్కువపాలు చెడిన మూతివలన.

ఇది వినోదపు లెక్క కాదని తెలుపుటకు మన నేల చరిత్రనుండి ఒక్క మాట చెప్పక తప్పదు. శామీర్‌పేట మీదుగా పోవు ఈ బాటయే సిద్దిపేటకు పోవును. ఆ జిల్లాలో భైరాన్‌పల్లి యను గ్రామము కలదు. 1948 ఆగస్టు 27న రజాకార్లును, నిజాం బలగములును ఆ గ్రామముపై విరుచుకొని పడినపుడు, ఊరివారు బురుజు నాధారము చేసికొని నాటు తుపాకులతోను వడిసెలలతోను ఎదిరించిరి. చివరకు ఊరు కూలినది; అనేకులు బలియైరి. ఆ పోరాట కాలమున తెలంగాణ పల్లెలలో నుండిన భర్మారు తుపాకులు చూచుటకు పొడుగైనవే. మూతినుండి మందు కూరి, గుండు వేసి, గజముతో దట్టించి కాల్చవలెను. గొట్టము నునుపు, గుండు వదులు, మందు చేతికొలతతో పోసినది గనుక ఒకమారు ఎక్కువ, ఒకమారు తక్కువ. ఎదుటివాని చేతి రైఫిలు, పొట్టిదైనను, ప్రతిమారును ఒకే తూటా, ఒకే గాడి, ఒకే వేగము. మన పెద్దల కన్నుగాని గుండెగాని తక్కువైనది కాదు. వారి చేతిలోని ఆయుధమున నిలుకడ లేదు. “పొడుగు తుపాకులుండికూడ నిలువలేకపోయిరి” అని తేలికగా అనువారు ఈ లెక్క తెలిసికొన్నచో అట్లనజాలరు. ఆ ఆయుధముతో అంతసేపు నిలుచుటయే వారి పరాక్రమము.

మన కాలమునకు వత్తము. పంటలపై అడవిపందులు పడుచున్నవని రైతులు బాధపడుట నిజమే. అందుకై లైసెన్సు లేని నాటు తుపాకులు దాచుట, దొరికిన గొట్టమును కోసి పొట్టి చేసికొనుట ప్రాణాంతకము. 1959 ఆయుధముల చట్టము ఆరవ సెక్షను, అందుకై ప్రత్యేకముగా లైసెన్సు పొందనిదే తుపాకి గొట్టమును కురుచ చేయరాదని నిషేధించుచున్నది. పొట్టి గొట్టము గుడ్డల చాటున దాగును. అదియే చట్టమునకు గల ముఖ్య భయము. “పొట్టి చేసితిమి, ఇక దూరము పోదు, ప్రమాదము లేదు” అను తలపు మరియొక పొరపాటు. వేగము లెక్కను జ్ఞప్తి చేసికొనుడు: పొడవు తరిగినంతగా వేగము తరుగదు. సీసపు చిన్న .22 గుండుకూడ ఒక మైలు దాటి పోగలదు. పెద్ద రైఫిలు గుండు మూడు కిలోమీటర్లు పోవును. చెరువుకట్టమీద ఉబలాటమునకు కాల్చినది ఆవలి ఊరి పొలములో కలుపు తీయు తల్లికి తగులవచ్చును. పెండ్లి ఊరేగింపులలో ఆకాశమునకు కాల్చు దురాచారము ఇతర రాష్ట్రములనుండి అప్పుడప్పుడు వినబడుచున్నది. అది మన ప్రాంతమునకు రాకుండుగాక.

కొలువులకు పోవు నా తమ్ములకు, చెల్లెండ్రకు ఒక మనవి. శిక్షణలో మీ గుండ్లు చెదరినపుడు తుపాకి పొట్టిదని నిందింపకుడు. మొదట మీ గుండ్లు పడిన తీరును చూడుడు. అన్నియు ఒక్కచోట, గురికి ప్రక్కగా పడినచో సైటును సరిచేయుడు. చెల్లాచెదరుగా పడినచో మీ ఊపిరిని, భుజమును, ట్రిగ్గరు నొత్తు వ్రేలిని సరిచేయుడు. ద్రోణాచార్యుడు చెట్టుమీది పక్షిని చూపి శిష్యులను పరీక్షించినపుడు, విల్లు పొడవెంతయని యెవ్వరిని అడుగలేదు. నీకేమి కనబడుచున్నదని యడిగెను. అర్జునునికి పక్షి తల తప్ప మరియొకటి కనబడలేదు. ఆ ప్రశ్న నేటికిని పాతబడలేదు.

ఒక మాటలోని సగము నిజమును, సగము పొరపాటును వేరుచేయుట ఎట్లో చూపవలెననియే నేను ఈ విషయమును ఎన్నుకొంటిని. ఊరిలో తిరుగు మాటలు పెక్కు ఇట్టివే: మందులను గూర్చి, ఎరువులను గూర్చి, వడ్డీలను గూర్చి, భూముల ధరలను గూర్చి. విన్న మాటను విన్నట్లే నమ్మక, దానిని ఖాతాలుగా విడదీసి, కొలిచి చూచు అలవాటును నేర్పునది గ్రంథాలయము. కొయ్య దిమ్మెను ఊయలగా కట్టి కంటికి కనబడని వేగమును కొలిచిన మనుష్యునికి పెద్ద యంత్రములు లేవు. త్రాసు, కొలకర్ర, ఓపిక మాత్రమే. అవి మన ఊరిలోనుఁ గలవు.

మన బీరువాలలోని విజ్ఞానశాస్త్ర గ్రంథములు చాలవరకు దుమ్ము దులుపువారి కొరకు ఎదురు చూచుచున్నవి. రానున్న యిరువదియైదేండ్లలో వాని అట్టలు చేతుల రాపిడిచే అరిగిపోవలెనని, రెండవమారు అట్టలు కుట్టించుటకు కార్యవర్గమువారు చందాలు వసూలు చేయు దినము రావలెనని కోరుచున్నాను. ఆ చందా పట్టికలో నా పేరు మొదట వ్రాసికొనుడు.